రాకాసి గుళ్ల చుట్టరికం

ఈ కొలువుల కొత్తగ చేరిన పిల్లలు ఈ నడుమ జనగామకొచ్చి, మా ఇంట్ల కూసుండి, మీ అనుభవాలు చెప్పుండ్రి సార్ అని అడిగిన్రు. నోటితో చెప్పుడు మొదలువెడితే నడుమల చాయ్‌లు, ఫోన్లు. ఒక ముచ్చట తెగకముందే ఇంకోటి మొదలైతది. అందుకే రాస్తున్న. ఎప్పుడు చేరిన, ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ఫైలు యాడ ఆగింది, అవన్నీ వదిలేసిన. అవి మీకు ఎట్లనన్న ఎదురైతయి, నేర్పెటోడు అక్కర లేదు.

నేను చేసింది పాత రాళ్ల పని. పెద్ద గుళ్లు, కోటలు నా వంతుకు రాలే. వాటికి పేరుంటది, పూజారి ఉంటడు, చూడొచ్చే జనం ఉంటరు. నాకు దక్కినవి మెట్ట చెల్కలల్ల, అడివి అంచులల్ల ఉండే బండల గూళ్లు. నిలువుబండలు పాతి, వాటి మీద ఒక పెద్ద కప్పుబండ ఏసి ఉంటయి. మా దిక్కు వాటిని రాకాసి గుళ్లు అంటరు. మనిషన్నోడు గంత రాయి ఎత్తలేడు, రాకాసులే ఎత్తిన్రని జనం నమ్మకం. అసలుకు అవి సమాధులు. ఇనుము వాడుక నేర్చిన కాలపు మనుషులు తమ చచ్చిపోయినోళ్లను పెట్టుకున్న జాగలు. అవి యాడున్నయో వెతుకుడు, కొలుసుడు, బొమ్మ గీసుడు, చెడిపోకుండ చూసుడు, ఇదే నా పని.

మానుకోట దిక్కు పెట్టిన బోర్డు

చేరిన కొత్తల మానుకోట అవతల ఒక ఊర్ల, ఒక రైతు పొలం ఒడ్డు పొంటి ఇసొంటి గూళ్లు దొరికినయి. ఒక్క బండ గూడ కదలకుండ ఉన్నయి. నేను సంబురపడి అప్పటి మా సారుకు చెప్పిన. ఆయన చెడ్డోడు కాదు. పని మీద పాణం పెట్టేటోడే, గని తొందర మనిషి. రైతుతోని మాట్లాడలే, ఊరోళ్లను కూసోబెట్టి చెప్పలే. నీలం రంగు రేకు బోర్డు రాయించి పంపిండు. ఇవి ప్రభుత్వ రక్షణల ఉన్నయి, ముట్టుకుంటే శిక్ష అని. అప్పటికి ఏ ఉత్తర్వూ లేదు. బోర్డు చూసి భయానికి ఆగుతరు, ఉత్తర్వు వెనుక తెచ్చుకుందాం అన్నడు.

మళ్ల నేను పోయేసరికి బోర్డు ఉంది, బండలు లేవు. పగలగొట్టిన రాయి ఒడ్డు పొడుగూత పేర్చి ఉంది. రైతు నన్ను చూసి తప్పించుకోలే, ఏమీ దాచలే. "బోర్డు పాతినంక భూమి నాది కాదనుకున్న సార్. భూమి ఉండాలంటే రాళ్లు ఉండొద్దని తీసేసిన" అన్నడు. ఇంట్లకు పిలిచి మంచినీళ్లు గూడ ఇచ్చిండు. నాకు ఆయన మీద కోపం రాలే. సారు కేసు పెడుతనని ఎగిరిండు గని, ఏ ఉత్తర్వు కింద పెడుతడు?

మీకు చెప్పేదేందంటే, పాత రాయిని పగలగొట్టేటోడు ఎక్కువసార్లు భయపడ్డ మనిషి. ఆ భయం ఊర్లకు ఎట్ల వచ్చిందని వెనుకకు చూస్తే మన జీపు టైరు గుర్తులే కనపడుతయి.

ఇద్దరు అతిథులు

కొలువుల చివరి యేడు మా ఆఫీసు పెద్దసారు ఫోన్ చేసిండు. ఇద్దరు విదేశీయులు వస్తున్నరు, భూపాలపల్లి దిక్కున్న గూళ్లు చూపియ్యాలె, దగ్గరుండి చూసుకో అన్నడు. ఒకామె మాల్టా అనే దేశం నుంచి. సముద్రం నడుమ ఉన్న చిన్న దీవి అది. పేరు మరీయా. ఇంకొకాయన చైనా ఈశాన్యం దిక్కు నుంచి, పేరు లియూ. ఇద్దరూ మా పని చేసెటోళ్లే. మరీయాకు యాభై దాటినయి. లియూ ఆమెకన్న పెద్ద, నా ఈడు ఉంటడు.

భూపాలపల్లిల పొద్దుగాల టిఫిన్ చేసుకుంట వాళ్ల దోస్తానా సంగతి అడిగిన. గంత చిన్న దీవికీ గంత పెద్ద దేశానికీ నడుమ ఏం పొత్తు అని నాకు అనుమానం. మరీయా నవ్వి చెప్పింది. వాళ్ల దీవిల మన రాకాసి గుళ్ల అసొంటి గూళ్లు ఉన్నయి. లియూ వాళ్ల ఊర్ల దిక్కూ ఉన్నయి. అక్కడ వాటిని రాతి కొట్టాలు అంటరట. కొన్నేండ్ల కింద ఇద్దరూ కలిసి మాల్టాల ఒక ప్రదర్శనల ఈ గూళ్ల ఫొటోలు గోడకు పెట్టిన్రు. కింద పేర్లు రాయలే. చూడొచ్చిన మాల్టావాళ్లు చైనా గూడును చూసి ఇది మా ఊరిదే అన్నరు. చైనాల పెడితే అక్కడోళ్లు మాల్టా గూడును తమదే అన్నరు. అప్పటి సంది ఇద్దరూ ఒకరి దేశానికి ఒకరు పోతున్నరు, వస్తున్నరు. ఇంగ్లీషు లియూకు కొద్దికొద్దిగ వస్తది. మాట అందనప్పుడు కాయితం మీద బండ గీసి చూపిస్తడు.

కథలు గూడ ఉన్నయి. మాల్టాల పెద్ద రాతి గుడిని ఒక రాకాసి ఆడమనిషి కట్టిందంటరట, సంకల పిల్లనెత్తుకొని, గింజలు నములుకుంట బండలు మోసిందని. లియూ దిక్కు వదినా ఆడబిడ్డా కట్టిన్రని చెప్పుకుంటరట. మా దిక్కూ రాకాసులే అని నేను చెప్పిన. ముగ్గురం నవ్వుకుంటనే జీపెక్కినం.

చెల్కల జేసీబీ

కాటారం దాటినంక అడివి అంచున ఒక లంబాడీ తండా. ఆ తండాల బాలు అనే రైతు చెల్క కొసకు మూడు గూళ్లున్నయి. మేం వస్తున్నమని నేను ముందుగాలనే గ్రామ పంచాయతీకి కబురు పెట్టిన. ఆ కబురు ఊరంత తిరిగి తండాకు చేరేసరికి రూపం మారింది. చైనావాళ్లు భూమి కొలువనీకి వస్తున్నరు అని చేరింది.

మట్టిబాట మీద బండి ఆగంగనే ఇంజన్ చప్పుడు వినపడ్డది. పత్తి చేను అవతల పచ్చ జేసీబీ. అతిథులను జీపులనే కూసోమని చెప్పి ఉరికిన. వాళ్లు ఆగలే, నా వెనుకనే వచ్చిన్రు.

ఒక గూడు పక్కబండ అప్పటికే ఒరిగి పడ్డది. కప్పుబండ ఒక దిక్కు వాలి, మిగిలిన బండల మీద ఎట్లనో ఆగింది. జేసీబీ బకెట్ మళ్ల లేస్తున్నది. పక్కన బాలు నిలబడి చెయ్యి ఊపుతున్నడు. నేను ఉరికి బకెట్‌కూ బండకూ నడుమ నిలబడ్డ. ధైర్యంతోని కాదు, ఏం చెయ్యాల్నో తోచక. మీరు అసొంటి పని చెయ్యకుండ్రి.

జేసీబీ నడిపేటాయన ఘనపూర్ మనిషి, యాకూబ్. బకెట్ ఆపి, కిందికి వంగి అడిగిండు.

"ఏంది సార్ గివి? రాళ్లు తీయాలని పిలిస్తే వచ్చిన."

"సమాధులు భాయ్. పాతకాలపోళ్ల గోరీలు."

ఆయన ఇంజన్ బంద్ చేసిండు. బకెట్‌ను మెల్లగ నేల మీదికి దింపి, తాళం జేబుల ఏసుకొని దిగిండు. "ఎవలయైనా సరే, గోరీ మీద నేను బకెట్ ఎయ్య" అని బాలుకు చెప్పి, పోయి నీడకు కూసున్నడు.

బాలుకు కోపం నా మీదికి మళ్లింది. మంచిగ బలమున్న మనిషి, నలభై ఏండ్లుంటయి. గొంతు లేపి మాట్లాడుతున్నడు. ఆయన పెండ్లాం కమ్లి చేన్ల పత్తి ఏరుతున్నదల్లా వచ్చి పక్కన నిలబడ్డది. వాళ్లిద్దరి మాటల నుంచి నాకు సంగతి అర్థమైంది. బాలు వాళ్ల అన్న భూమి భూపాలపల్లి దగ్గర బొగ్గుబాయి కింద పోయింది. అన్న ఇప్పుడు కూలికి పోతున్నడు. బాలుకు మిగిలింది ఈ చెల్క ఒక్కటే.

"మా అన్న భూమి గూడ ముందుగాల కొలిచిన్రు సారూ. నవ్వుకుంట కొలిచిన్రు, మా ఇంట్ల చాయ్ తాగి పోయిన్రు" అన్నడు బాలు.

పక్కకు పోయి పెద్దసారుకు ఫోన్ చేసిన. పోలీసులను పిలువు, కేసు పెడుతమని బెదిరించు అన్నడు ఆయన. నేను సరే సార్ అని పెట్టేసి, పోలీసులకు బదులు తహసీల్దార్ మేడంకు ఫోన్ చేసిన. చిన్న వయసామె, అంతకుముందు రెండు మూడుసార్లు కలిసిన. ఇంకో ఊర్ల ఉన్న, పొద్దూకేలోపల వస్తనన్నది. అందాక రాయి కదలకుండ ఉంటే చాలని అనుకున్న.

ఇప్పచెట్టు కింద

తండాల ఇప్పచెట్టు కింద అందరం కూసున్నం. బాలు కూసోలే, నిలబడే ఉన్నడు. ఆయన ఏమన్నడని మరీయా నన్ను అడిగింది.

ఇక్కడ మీకొక మాట. నడుమ మనిషిగ ఉన్నప్పుడు ఎవరి మాటనూ మెత్తగ చెయ్యొద్దు. నేను బాలు అన్నది అన్నట్టే చెప్పిన, మీరు భూమి గుంజుకోనీకి వచ్చిన్రనుకుంటున్నడని, అందుకే పొద్దుగాలనే జేసీబీ పిలిచిండని. లియూ మొఖం ఎర్రబడ్డది. తలకాయ వంచుకొని కూసున్నడు. మరీయా మాత్రం బాలు దిక్కే చూసుకుంట మాట్లాడింది. ఆమె ఒక్కొక్క ముక్క చెప్తుంటే నేను తెలుగుల చెప్పిన. కమ్లి దాన్ని వాళ్ల బాసల అత్త సోమ్లికి చెప్పింది. ముసలామెకు చెవులు జర మందం. ఒక్కో ముక్క రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మరీయా చెప్పింది ఇది. వాళ్ల తాతకు మాల్టాల చిన్న పొలం. ఆ పొలంల ఒక గూడు. పట్నం నుంచి ఎవరో వచ్చి దాని ఫొటోలు తీసుకొని పోయిన్రు, తాతతోని ఒక్క మాట మాట్లాడలే. ఇగ పొలం పోతదని తాతకు దిగులు పట్టుకున్నది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, తమ్ముళ్లను పిలిచి గూడు కూలగొట్టిండు. ఆ రాయితోనే పొలానికి గోడ పెట్టుకున్నడు.

"మీ తాత భూమి పోయిందా?" అని అడిగిండు బాలు. మేమొచ్చినంక ఆయన కోపం లేకుండ అన్న మొదటి మాట అది.

"పోలేదు. ఎవ్వరూ రానే లేదు. పొలం ఇప్పటికీ మాదే. గూడు లేదు" అన్నది మరీయా. ఇంకో మాట గూడ అన్నది. "మా తాతది తప్పు అని నేను ఎన్నడూ అనలేదు. ఆయనను అడిగినవాళ్లు లేరు, ఆయనకు చెప్పినవాళ్లు లేరు."

నాకు మానుకోట రైతు యాదికొచ్చిండు. ఆమె మాటను ఉన్నదున్నట్టు తెలుగుల చెప్పిన.

బాలు అప్పుడు లియూను అడిగిండు, మీ దేశంల ఎట్ల అని. మంచిమాట ఒకటి చెప్పి ఊరుకుంటే బాగుండునని నేను లోపల అనుకున్న. ఆయన చెప్పలే. మా దిక్కు కొందరి భూములు పోయినయి, అబద్ధమాడను అన్నడు. అయితే అవి గూళ్ల కోసం పోలేదు, రోడ్లకూ ఫ్యాక్టరీలకూ పోయినయి అన్నడు. వాళ్ల ఊరి పక్కనున్న గూళ్లల్ల ఒక్కటే మిగిలింది. ముసలమ్మలు దాని కింద అగరొత్తులు పెట్టేటోళ్లు గాబట్టి దాన్ని ముట్టుకోనీకి ఎవ్వరికీ చెయ్యి రాలేదట.

ఇంతల సోమ్లి ఏదో అన్నది. కమ్లికి నవ్వొచ్చింది. మాకు చెప్పుమంటే చెప్పింది. వాన పడ్డప్పుడు మేకపిల్లలను ఆ గూళ్లల్లనే పెడుతరట, సోమ్లి పెండ్లై వచ్చినప్పటి సంది. ఇయ్యాల కూలగొట్టితే రేపు వానకు యాడ పెట్టాలె అని పొద్దుగాల కొడుకును తిట్టిందట ముసలామె. లియూ జేబులకెళ్లి కాయితం తీసి గబగబ గీసిండు. రాతి కొట్టం, దాంట్ల ఒక గాడిద. మా ఊర్ల గాడిదను కట్టేస్తరు అన్నడు. మరీయా నవ్వుకుంట, మా తాత అందుల పారలు, గంపలు పెట్టుకునేటోడు అన్నది. సోమ్లి ఆ బొమ్మను చేతులకు తీసుకొని చానసేపు చూసింది.

బాలు నవ్వలే. కాని కూసున్నడు.

పొద్దు వాలంగ తహసీల్దార్ మేడం వచ్చింది. వచ్చి కుర్చీ అడగలే, మాతో పాటు కిందనే కూసున్నది. సంగతంత విన్నది. పట్టా మీ పేరు మీదనే ఉంటది, గూళ్ల చుట్టు కొంత జాగ దున్నకుండ్రి, మిగిలిన చెల్కల మీ ఇష్టమొచ్చిన పంట ఏసుకోండ్రి అని చెప్పింది.

"మీరు బదిలీ అయితే?" అని అడిగిండు బాలు.

"అందుకే ఈ మాట గ్రామసభల రాసి, అందరి ముందట చదివిపిస్త. నేను పోత, ఊరు ఏడికి పోదు" అన్నదామె.

బాలు కమ్లి దిక్కు చూసిండు. కమ్లి తలకాయ ఊపింది.

పెద్దసారు ప్రెస్ నోట్

తెల్లారి పెద్దసారు ఫోన్ల ఒక ఇంగ్లీషు ప్రెస్ నోట్ పంపిండు, కాయితం మీద తీసి అతిథులతో సంతకం పెట్టించుమని. దాంట్ల ఏమున్నదంటే, మన పూర్వీకులే చైనాకూ మాల్టాకూ పోయి అక్కడ గూళ్లు కట్టిన్రు, విదేశీ పండితులు ఒప్పుకున్నరు అని.

ఇసొంటివి మీకు చాన వస్తయి. సంతోషపడి నమ్మబుద్ధయితది. నాకూ కొలువు కొత్తల బుద్ధయింది. బండలు నిలబెట్టి మీద బండ కప్పుడు ఏ దేశపోళ్లకైనా తట్టొచ్చు. చచ్చిపోయినోళ్లను వానకూ నక్కలకూ వదిలెయ్యొద్దనే బాధ అందరిది. మూడు దేశాల గూళ్ల కాలాలు గూడ కలవయి. ఒకరి నుంచి ఒకరు నేర్చిన్రని చెప్పనీకి మా ముగ్గురి దగ్గర ఏ ఆధారం లేదు.

మరీయా చదివి సంతకం పెట్టనన్నది. లియూ రెండుసార్లు చదివి కాయితం మడిచి నాకిచ్చిండు. "కట్టినవాళ్లు చుట్టాలో కాదో తెలువదు. కాపాడుకుంటున్న మనం చుట్టాలమే. కావాలంటే అది రాయండి" అన్నడు.

అదే రాసి పంపిన. పేపర్ల రాలే. పెద్దసారు చివరి దాక నాతో ముక్తసరిగ మాట్లాడిండు. నేను కొలువు దిగేనాడు పూలదండ మాత్రం ఆయనే ఏసిండు. అబద్ధం మీద సంతకం లేకుండ బయటపడ్డ, అది చాలు.

బండ కూసున్ననాడు

ఆ వారంలనే వాలిన బండను సరిచేసినం. అతిథులు తమ తిరుగు ప్రయాణం వెనుకకు జరుపుకొని ఉన్నరు. జేసీబీ కోసం బాలు మళ్ల యాకూబ్‌నే పిలిచిండు. కూలగొట్టనన్న మనిషి, నిలబెట్టుడంటే పొద్దుగాలనే వచ్చిండు.

పక్కబండ పాత గుంతను సాపు చేసి, దాన్ని మళ్ల నిలబెట్టి రాళ్లూ మట్టీ కూరినం. కప్పుబండ కింద మొద్దులు పెట్టి, రాయి ఒరుసుకోకుండ గోనెసంచులు చుట్టి, బకెట్‌కు బెల్టులు తగిలించినం. బండ లేచింది. లేసినంక ఒక బెల్టు జారింది. బండ ఒక దిక్కు వంగింది. నేను నోరు తెరిచేలోపలే బాలు "ఆపు" అని అరిచి, మొద్దు ఒకటి ఎత్తి సందుల దూర్చిండు. యాకూబ్ బకెట్‌ను గాలిల అట్లనే పట్టి ఆపిండు. మేం బెల్టు మళ్ల సరిచేసినం. ఆ తర్వాత బండ అంగుళం అంగుళం దిగి, తన జాగల కూసున్నది. పెద్ద చప్పుడు గూడ రాలే.

బాలు ఆ బండ మీద చెయ్యి పెట్టి కొంచెం సేపు నిలబడ్డడు. "ఎవడో ఏమో సారూ. వాని ఇంటోళ్లు వాని కోసం గింత కష్టపడ్డరు" అన్నడు. పొద్దుగాల సంది ఎత్తిన బరువు చేతుల మీద తెలిసినోడు అన్న మాట అది.

యాకూబ్ చేతులు కడుక్కొని, గూడు ముందట నిలబడి, రెండు చేతులు చాపి, చచ్చిపోయినోళ్ల కోసం చదివే ఫాతిహా చదివిండు. ఎవరూ చదువుమనలే. ఎవరూ వద్దనలే. ఇన్నేండ్లు నేను ఆ గూళ్లకు నెంబర్లు ఏసిన, కొలిచిన, బొమ్మలు గీసిన. లోపలున్నోళ్లకు ఒక దండం పెట్టాలని తోచలే. ఆనాడు పెట్టిన.

ఆయన చేతులు దించుతుంటే చినుకులు మొదలైనయి. కమ్లి కేక ఏసింది. ఏరిన పత్తి చేన్ల ప్లాస్టిక్ పట్టా మీద కుప్పగ ఉంది, తడిస్తే రంగు మారుతది. అందరం ఉరికినం. బాలు, యాకూబ్ పట్టా కొసలు పట్టి ఎత్తిన్రు. మరీయా తన అంగీ ఒడిల పత్తి నింపుకున్నది. లియూ ఒక చేత్తోని పత్తిని గుండెకు అదుముకొని, ముందట దారి కనపడక ఇంకో చేత్తోని నా భుజం పట్టుకొని ఉరికిండు. సోమ్లి గడపల నిలబడి ఇటు, ఇటు అని చెయ్యి ఊపుతున్నది. వాన జోరు అందుకునేసరికి పత్తి అంత ఇంట్ల పడ్డది.

యాడా తడవలేదని కమ్లి చెయ్యి పెట్టి చూసి చెప్పింది. అందరం నవ్వినం, ఎందుకు నవ్వుతున్నమో ఒకరికొకరు చెప్పుకోలే. జనగామకు చేరేదాక నా అంగీకి పత్తి అంటుకొనే ఉంది. దులుపుకోలే.